పెద్దాయన పోయాక పెట్టెలు ఏమయ్యాయి?

సంపాదకుడికి,

అయ్యా, ఇంగ్లండులో బొమ్మ రైళ్లు అమ్ముకునే ఒక పెద్దాయన పోయాడని తెలుగు పత్రికకు ఉత్తరం రాయడం మీకు విడ్డూరంగా ఉండొచ్చు. ఆయన పెట్టెల సంగతి మన రైల్వే ఊళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది బిట్రగుంట. నాన్న స్టీమింజను డ్రైవరు. నేనూ రైల్వేలోనే చేసి రిటైరయ్యాను. బర్మింగ్‌హామ్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా శనివారాలు మోడల్ రైళ్ల ఎగ్జిబిషన్లకు పోతుంటాను. చర్చి హాల్లోనో బడి హాల్లోనో పెడతారు. మధ్యలో రైళ్లు తిరుగుతుంటాయి, గోడ వెంబడి అమ్మేవాళ్ల బల్లలుంటాయి. ఈ పెద్దాయన బల్ల మీద కొత్త సరుకు తక్కువ. పాత ఇంజన్లు, చక్రాలు, పెట్టెల్ని కలిపే కప్లింగులు, మోటారు బ్రష్షులు. పొగాకు డబ్బాల్లో మరలు, ఏ డబ్బా ఏ ఇంజనుదో మూత మీద పెన్సిలు రాత.

మొదటిసారి నేనొక ఇంజనుకు బేరం మొదలుపెట్టగానే ఆయన దాన్ని తిరగేసి, చాసిస్ (అడుగు చట్రం) మీద వెంట్రుకంత పగులును గోటితో చూపించాడు. పోత పోసిన జింకులో కాస్త సీసం కలిసినా ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నించే ఉబ్బి పగులుతుందట. "ఇది మీకొద్దు" అని పక్కన పెట్టేశాడు. వచ్చిన బేరాన్ని వద్దన్న వ్యాపారిని అంతకుముందు నేను చూడలేదు.

మన ఇంజన్లకు మోడళ్లు ఎందుకు దొరకవని అడిగితే అట్టముక్క మీద లెక్క వేశాడు. మన బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. దాన్ని మోడళ్లకు వాడే కొలత ప్రకారం 87వ వంతుకు తగ్గిస్తే 19 మి.మీ. పైనే వస్తుంది. అంగట్లో దొరికే పట్టాలేమో 16.5. మీటరుగేజికైతే 12 మి.మీ. పట్టాలు దొరుకుతాయి, దాంతో మొదలుపెట్టండి అన్నాడు. గూడ్సు రైళ్లు లాగిన మన డబ్ల్యూజీ స్టీమింజన్లలో తొలినాటివి కొన్ని గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీలో తయారయ్యాయని గుర్తుచేసిందీ ఆయనే. మా నాన్న మసి కొట్టుకుని ఇంటికొచ్చింది ఆ ఇంజన్ల మీదినుంచే!

పోయిన చలికాలంలో ఆయన పోయాడు. ఆ వ్యాపారం అక్కడా తగ్గిపోతోంది. లివర్‌పూల్‌లో 1946లో మొదలైన హాటన్స్ అనే మోడల్ రైళ్ల దుకాణం కూడా మూసేస్తున్నామని 2024లో ప్రకటించింది. ఆయన సరుకు మొత్తంగా కొనే దుకాణం దొరకలేదు. మోడల్ రైళ్ల క్లబ్బువాళ్లే మూడు శనివారాలు కూర్చుని, పెన్సిలు రాతలు చూసుకుంటూ డబ్బా డబ్బా విడదీశారు. ఒక రోజు నేనూ చక్రాలు లెక్కపెట్టాను. అమ్మగా వచ్చిన డబ్బు ఆయన భార్యకిచ్చారు.

మా నాన్నతో పనిచేసిన గార్డు ఒకాయన పోయినప్పుడు ఏమైందో చెప్పనా? ఎరుపు, పచ్చ తిరిగే చేతిలాంతరు, రైల్వే సిబ్బందికిచ్చే వర్కింగ్ టైమ్‌టేబుళ్లు, షెడ్డు ముందు దిగిన ఫోటోలు... అన్నీ పాతసామాన్లవాడు తూకానికి పట్టుకెళ్లాడు. పిల్లల్ని అనేం లాభం, ఎవరికివ్వాలో వాళ్లకేం తెలుసు? ఇలాంటివి తీసుకుంటారా అని అంతకుముందే నేనొక ఆఫీసుకు రాశాను. జవాబు రాలేదు.

విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. మ్యూజియం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ జోన్‌లో ఇలాంటి వస్తువులకు ఒక గది, ఒక రిజిస్టరు, వస్తువు తీసుకుని రసీదు రాసిచ్చే మనిషి ఉంటే చాలు. స్టీము కాలంలో ఇంజన్లో బొగ్గు వేసిన ఫైర్‌మన్లు ఇంకా కొందరున్నారు. ఫోటోలో ఎవరు ఎవరో వాళ్లుండగానే రాయించుకోవాలి.

నాన్న డ్యూటీకి వెంట తీసుకెళ్లిన లైన్‌బాక్సు మా ఇంట్లో మంచం కింద ఉంది. గది తెరిచిన రోజు నేనే మోసుకొచ్చి ఇస్తాను. పెద్దాయన పొగాకు డబ్బా ఒకటి నా దగ్గరుంది, అది మాత్రం ఇవ్వను.

– ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, బిట్రగుంట