దెయ్యం సంగతి తర్వాత, ముందు ఎక్స్‌ఛేంజ్ సంగతి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి.ల.సౌ. చిన్నికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న బీపీ మాత్రలు వేళకి వేసుకుంటున్నారు, ఆ బెంగ పెట్టుకోకు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

నువ్వు దెయ్యాలూ వింతలూ ఉన్న సినిమాల పేర్లు పంపడం, నేను చూసి "బాగుంది" అనడం, "ఏం బాగుందో చెప్పవేంటమ్మా" అని నువ్వు విసుక్కోవడం మామూలైపోయింది. ఆ ఫోన్‌లో అంతంత టైప్ చేయడం నా వల్ల కాదు. అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఫొటోలు తీసి పంపే పూచీ మీ నాన్నది.

అన్నిటికన్నా ముందు 'ద వాస్ట్ ఆఫ్ నైట్' గురించి చెప్తాను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో ఓ చిన్న ఊరు, 1950ల నాటి కథ. ఊరంతా బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి పోతే పదహారేళ్ల ఫే అనే పిల్ల ఒక్కతే టెలిఫోన్ బోర్డు ముందు రాత్రి డ్యూటీకి కూర్చుంటుంది. లైన్లో ఏదో వింత చప్పుడు. ఆకాశంలోంచి ఎవరైనా దిగారా లేదా అన్నది తర్వాతి మాట. నేను మాత్రం ఆ పిల్ల చేతులే చూశాను. దాదాపు పది నిమిషాలు కట్ లేకుండా కెమెరా ఆ పిల్లనే పట్టుకుని ఉంటుంది, గమనించావా? బోర్డు వైరు లాగడం, ప్లగ్ గుచ్చడం, రెండు ముక్కలు మాట్లాడి పీకేయడం, ఈలోగా ఇంకో కాల్ వస్తే దాన్ని అందుకోవడం. మొహంలో భయం తెలుస్తూనే ఉంటుంది, చేతులు మాత్రం తడబడవు. మనిషి ఎంత కంగారు పడుతున్నా అలవాటైన చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. బోర్డు మీద కూర్చున్నవాళ్లకి తప్ప ఇది తెలియదనుకునేదాన్ని. ఆ డైరెక్టర్‌కి ఎవరు చెప్పారో గానీ బాగా పట్టుకున్నాడు.

నేను దూరపు ఊళ్ల ఫోన్లు కలిపే ట్రంక్ ఎక్స్‌ఛేంజ్‌లో చేరిన కొత్తల్లో మాకూ ఇదే. నెత్తిన హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు, పక్కన కాల్ వివరాలు రాసుకునే టికెట్ల కట్ట, కొసన పెన్సిలు. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని కాల్స్. లైట్నింగ్ అంటే ఆర్డినరీకి ఎనిమిది రెట్లు చార్జీ. అది బుక్ చేశారంటే ఎవరింట్లోనో ఏదో జరిగిందని నంబరు రాసుకుంటుండగానే అర్థమైపోయేది. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి "త్రీ మినిట్స్ అయిందండీ, పొడిగించమంటారా" అని అడగాలి. అవతలివాళ్లు ఏడుస్తున్నా సరే అడగాలి. రూల్ అది.

1990 మే 9న తుఫాను బందరు దగ్గర తీరం దాటినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. నువ్వింకా పుట్టలేదు. ఆ వైపు లైన్లు ఒక్కొక్కటే పోతున్నాయి. ప్లగ్ పెడితే ముందు గరగరమని వినబడేది, కాసేపటికి ఆ గరగర కూడా లేదు. 1977 దివిసీమ ఉప్పెన నాడు ఇదే బోర్డు మీద ఉన్న సీనియర్లు ఒక్కరూ నోరు మెదపలేదు. నా పక్క సీటావిడ అవనిగడ్డ టికెట్లన్నీ ఓ పక్కకి పెట్టి తర్వాతి కాల్ అందుకుంది, అంతే. సినిమాలో ఫే ఎవరికి కలిపినా లైన్ తెగిపోతుంటుంది చూడు, అక్కడ మీ నాన్న "ఇంక దిగుతారు గ్రహాంతరవాసులు" అన్నారు. అప్పటికి నాకు వాళ్ల ధ్యాసే లేదు.

ఇంకోటి. ఒకాయన రేడియోకి ఫోన్ చేసి తన కథ చెబుతుంటే ఓ చోట తెరంతా నల్లగా అయిపోతుంది, గొంతు ఒక్కటే వినిపిస్తుంది. మీ నాన్న కేబుల్ ఊడిందేమోనని టీవీ వెనక్కి వెళ్లారు. "కూర్చోండి, వినమంటున్నాడు" అన్నాను. మొహాలు తెలియని గొంతులు వినడమే కదా నా ఉద్యోగం! నాకు ఆ నల్ల తెర ఏమాత్రం లోటనిపించలేదు.

అందుకే చెప్తున్నా, నాకు దెయ్యాలతో పేచీ లేదు, కాలంలో వెనక్కి వెళ్లినా పేచీ లేదు. ఆ కథలో మనుషులు చేసే పని నిజంగా ఉండాలి. వంటైనా, ఉద్యోగమైనా, చివరికి దొంగతనమైనా. అది సరిగ్గా చూపించాడంటే ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మేస్తాను. 'తుంబాడ్' నచ్చింది అందుకే. అందులో హీరో దేవత గర్భమనే గుహలోకి తాడు పట్టుకుని దిగడం, చుట్టూ పిండితో గిరి గీసుకోవడం, పిండి బొమ్మ ఎరవేసి హస్తర్ అనే దుష్టదేవుడి గోచీలోంచి నాణేలు రాల్చుకోవడం, అంతా నేర్చుకున్న పనివాడి తీరు. కొడుక్కి కూడా ఆ పనే నేర్పుతాడు. బంగారమంతా తన దగ్గరున్న వాడేమో గుప్పెడు పిండికి అల్లాడిపోతుంటాడు. ఆశ మీద ఇంతకన్నా ఏం చెప్పాలి, పాటలూ ప్రవచనాలూ అక్కర్లేదు.

మీ సింగ్‌నగర్ పిన్ని ఆ రోజు ఇక్కడే ఉంది. హస్తర్ మీదకి దూకినప్పుడు కూడా జంతికలు నములుతూ కూర్చున్న మనిషి, వాన సీన్లకి లేచి వంటింట్లోకి పోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ దానికి టీవీలో వాన పడినా ఒళ్లు జలదరిస్తుందట. ఆ వాన కోసం సినిమావాళ్లు కొన్ని వర్షాకాలాలు ఆగి ఆగి తీశారని చెప్పాను. "అంత ఆగడమెందుకు, మా వీధికి వస్తే సరిపోయేది" అంది.

రేవతి సినిమా చూసిన రోజు నీకు ఫోన్ చేశాను, మీటింగ్‌లో ఉన్నానన్నావు. అదే, మలయాళం 'భూతకాలం'. 1992లో 'రాత్రి' వచ్చినప్పుడు బెజవాడలో ఆ సినిమా చూడనివాళ్లు కూడా దాని గురించి మాట్లాడారు. అది తీసిన రాంగోపాల్ వర్మ మన కానూరు సిద్ధార్థలో ఇంజనీరింగ్ చదివినవాడు కదా, అందరికీ "మావాడే". అందులో రేవతి దెయ్యం పట్టిన కాలేజీ పిల్ల. ముప్ఫై ఏళ్లకి, 2022లో, అదే రేవతి ఈ సినిమాలో ఎదిగిన కొడుకున్న తల్లి. ఇంట్లో ముసలావిడ పోయాక మిగిలింది తల్లీ కొడుకూ. ఇంట్లో ఏదో ఉందని వాడంటాడు, వీడికేదో అయిందని ఆవిడనుకుంటుంది. చాలాసేపటి దాకా దెయ్యం జాడే ఉండదు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నం తినడం చూస్తేనే భయం వేసింది. రేవతికి దీనికి కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు, ఇవ్వాల్సిందే. అదే డైరెక్టర్ తీసిన 'భ్రమయుగం' కూడా చూశాం. మమ్ముట్టి నవ్వితే మంచం కిందికి దూరాలనిపించింది. నలుపు తెలుపులో తీయడం పెద్ద ప్రయోగమని రాశావు, మా తరానికి అది ప్రయోగమేమీ కాదమ్మా, ఆదివారం సాయంత్రం దూరదర్శన్.

జపాన్‌వాళ్ల జాంబీల సినిమాకి, అంటే చచ్చి లేచిన శవాల సినిమాకి వస్తాను. 'వన్ కట్ ఆఫ్ ద డెడ్' పెట్టగానే మీ నాన్న "ఇదేం సినిమా, మన కాలనీ పిల్లలు ఫోన్‌లో తీసినట్టుంది" అన్నారు. నిజమే, మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, అందులో అన్నీ అవకతవకలు. నటులు ఊరికే నిలబడిపోతారు, ఎవరో కెమెరావైపు చూస్తారు, అర్థంపర్థం లేని మాటలు. "ఆపొద్దు, ఏమైనా సరే ఆపొద్దు" అని నువ్వు ముందే హెచ్చరించబట్టి కూర్చున్నాం గానీ లేకపోతే రిమోట్ నొక్కేసేవాళ్లమే. తర్వాత చూపిస్తాడు కదా, తెర మీద తప్పుగా కనిపించిన ఒక్కో చోట తెర వెనక ఎవరెవరు ఎలా పరుగులు తీశారో! మీ నాన్న నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. కాలేజీ రోజుల్లో పరిషత్తు నాటకాలకి లైట్లు వేసిన మనిషి ఆయన. ఓసారి తెర తాడు తెగితే సీను అయ్యేదాకా చేత్తో పట్టుకుని నిలబడ్డారట, పైనుంచి చెమట కళ్లల్లోకి కారుతున్నా తుడుచుకునే వీల్లేదు, ప్రేక్షకుల్లో ఒక్కడికీ తెలియలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదు, జపాన్‌వాళ్లు చెప్పించారు. 30 లక్షల యెన్‌లు పెట్టి తీస్తే 300 కోట్ల యెన్‌లు దాటి వచ్చాయని ఎక్కడో చదివి, ఎదురింటి మాస్టారికి కూడా వినిపించి వచ్చారు.

'కోహెరెన్స్' బాగానే ఉంది. ఓ ఇంట్లో ఎనిమిది మంది భోజనానికి చేరతారు, తోకచుక్క పోతుంటుంది, వీధిలో ఇంకో ఇల్లు, అందులోనూ వీళ్లే. డైరెక్టర్ సొంతింట్లోనే, అయిదు రాత్రుల్లో, నటులకి ఎవరి చీటీ వాళ్లకిచ్చి తీశాడని నువ్వు రాసింది చదివాక ఇంకా నచ్చింది. ఎర్ర లైటు పట్టుకున్నవాళ్లు ఎవరో, నీలం లైటు వాళ్లు ఎవరో నేను కాగితం మీద రాసుకుంటూ చూశాను. అయినా సగంలో లెక్క తప్పింది. 'ప్రైమర్' మాత్రం నా వల్ల కాలేదు. 7,000 డాలర్లతో టైమ్ మెషీన్ సినిమా తీయడం గొప్పే, కాదనను. కానీ ఆ ఇద్దరబ్బాయిలు వాళ్లలో వాళ్లు గొణుక్కుంటుంటే నాకెందుకో పిలవని పేరంటానికి వెళ్లినట్టనిపించింది.

గొణుగుడంటే గుర్తొచ్చింది. ఈ సినిమాలన్నిటికీ ఓ తెగులుంది. మాటలు వినబడవని సౌండ్ పెంచితే అప్పుడే తలుపు ధనామని పడుతుంది, పక్క పోర్షన్‌వాళ్లు లేస్తారు. థియేటర్ కోసం కలిపిన సౌండ్ ఇంట్లో టీవీలో అలాగే ఉంటుందని చెప్పావు. అయితే రిమోట్ పట్టుకుని కాపలా కాయాలా? చీకటి సంగతి సరేసరి. పగలు పెట్టామంటే దెయ్యం కనబడదు, మన హాలు కిటికీ, సోఫాలో మేమిద్దరమూ కనబడతాం. అందుకే రాత్రి తొమ్మిది తర్వాతే పెడుతున్నాం.

ఒక్క విషయంలో నీతో ఒప్పుకోను. "మన తెలుగులో ఇలాంటివి ఎవరు తీస్తారమ్మా" అన్నావు చూడు, అది అన్యాయం. మాటే లేకుండా 'పుష్పక విమానం' 1987లోనే తీశాడు సింగీతం శ్రీనివాసరావు. ఆయనే 1991లో 'ఆదిత్య 369' తీసి మనల్ని రాయలవారి కొలువుకీ తీసుకెళ్లాడు, 2504కీ తీసుకెళ్లాడు. చంద్రశేఖర్ యేలేటి 2003లో 'ఐతే', రెండేళ్లకి 'అనుకోకుండా ఒక రోజు'. ఓ పిల్ల జీవితంలోంచి ఒక రోజు మాయమైపోతే ఎలా ఉంటుందని అడిగిన సినిమా అది, ఇప్పుడు పెట్టినా కదలకుండా చూస్తావు. 'అ!' అనే సినిమాకి మేకప్‌కీ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కీ జాతీయ అవార్డులొచ్చాయి. 'మసూద'లో సంగీత, కూతురి కోసం ఆ తల్లి పడే యాతన! నాకు ఆ బుర్ఖా దెయ్యం కన్నా, పిల్లకి ఏమైందో ఎవరినడగాలో తెలియక పక్కింటి కుర్రాడి తలుపు కొట్టే తల్లే గుర్తుండిపోయింది. తీసేవాళ్లున్నారమ్మా. చూసేవాళ్లమే, గాంధీనగర్ థియేటర్లలో మూడు రోజులు ఆడి ఎత్తేసేదాకా చూద్దాంలే చూద్దాంలే అనుకున్నాం. ఇప్పుడంటే ఇంట్లో కూర్చుని ఎప్పుడైనా చూడొచ్చు.

ఇంకో చిన్న పని. నేను చూసినవన్నీ అల్లుడుగారి పేరు కింద పడుతున్నాయట, ఆయన క్రికెట్ చూద్దామని తెరిస్తే శవాలూ చేతబళ్లూ వస్తున్నాయని మీ నాన్నతో నవ్వుతూ అన్నారు. నాకు సిగ్గేసింది. నా పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టు.

మాగాయ ఊరింది, వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపిస్తాను. ఈ ఆదివారం ఇరాన్‌లో జరిగే ఆ సినిమా 'అండర్ ద షాడో' పెడదామనుకుంటున్నాం. యుద్ధంలో టెహ్రాన్ మీద బాంబులు పడుతుంటే తల్లీ కూతురూ ఇంట్లో ఉండిపోతారని చెప్పావు, అంతవరకు చాలు, ఇంకేం చెప్పకు. అందులో వాన ఉందో లేదో మాత్రం చెప్పు, పిన్ని కూడా వస్తానంటోంది.

ఇట్లు,
అమ్మ