కుక్క కరిస్తే పరిహారం అడిగే చోటు చూపించండి: పురపాలక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక చిన్న మున్సిపాలిటీలో బట్టలు కుట్టుకుని బతుకుతున్నాను. రెండు నెలల కింద మా పాప పాల ప్యాకెట్ కోసం సందు చివరి కొట్టుకు వెళ్లి వస్తుంటే వీధికుక్క వెనక నుంచి వచ్చి పిక్క పట్టుకుంది. మూడో తరగతి పిల్ల. నల్లా కింద కూర్చోబెట్టి సబ్బుతో పావుగంట కడిగాను. నురగ పోయాక చూస్తే నాలుగు గాట్లు. ఒకటి బాగా లోతుకు దిగింది.

సర్కారు దవాఖానలో టీకా ఉచితంగానే వేశారు. రేబిస్ సోకకుండా గాయంలోకి ఎక్కించే సీరం లేదని జిల్లా ఆసుపత్రికి రాసిచ్చారు. అక్కడా అయిపోయిందంటే బయట కొన్నాం. ఆ సూదిని గాట్లలోనే గుచ్చుతారు సార్. ఇద్దరు నర్సమ్మలు కాలు కదలకుండా పట్టుకుంటే, పాప నా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ టీకాలు. వెళ్లిన ప్రతిసారీ ఆటో ఖర్చు, నా మిషన్ ఆగిన నష్టం. ఇప్పటికీ పాప ఆ సందులోకి ఒక్కతే వెళ్లదు.

పరిహారం అడుగుదామని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమస్తా మంచిగానే మాట్లాడాడు. "కుక్కను పట్టుకెళ్లమని కంప్లైంట్ రాస్తే తీసుకుంటానమ్మా, డబ్బులకైతే ఫారమే లేదు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. లేని ఫారం ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు?

పెంపుడు కుక్క కరిస్తే కనీసం యజమాని ఉంటాడు. నిర్లక్ష్యంగా వదిలేశాడని భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు, నష్టపరిహారానికి సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. వీధికుక్కకు యజమాని ఎవరు? 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి ఆపరేషన్లు, టీకాలు వేయించాల్సిన బాధ్యత స్థానిక సంస్థలది. ఆ పని సరిగా జరగక నా బిడ్డకు గాయమైతే మూల్యం మేమెందుకు కట్టాలి?

రోడ్డు మీద గుద్దిన బండి ఏదో తెలియకపోయినా చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే పథకం దేశంలో ఉంది. బండి దొరకలేదని బాధితుణ్ని వదిలేయలేదు కదా. అదే న్యాయం మాకూ కావాలి. 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక్కో పంటిగాటుకు కనీసం 10 వేలు, కండ ఊడిపోతే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20 వేలు ఇవ్వాలంది. జిల్లాల్లో కమిటీలు వేసి నాలుగు నెలల్లో తేల్చాలని చెప్పింది. కేరళ బాధితుల కోసం 2016లోనే సుప్రీంకోర్టు కమిటీ వేసింది.

మన దగ్గర 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేస్తే హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ముందు మా కష్టం చిన్నదే. కానీ పేపర్లో పడని పిల్లల సంగతేంటి? ప్రతి తల్లీ హైకోర్టులో రిట్ వేయగలదా?

కుక్కల మీద నాకు కోపం లేదు. మిగిలిన అన్నం నేనూ వాటికే పెడతాను. వాటిని చంపమని అడగడం లేదు. కలెక్టర్ గారి కింద ప్రతి జిల్లాలో ఒక కమిటీ వేయండి. ఎంత గాయానికి ఎంతో జీవోలో రాయండి, గడువు పెట్టండి. దరఖాస్తు మున్సిపల్ ఆఫీసులోనే తీసుకోవాలి, వకీలు అవసరం పడకూడదు. సీరం కూడా టీకాతో పాటే అన్ని దవాఖానల్లో ఉండేలా వైద్య శాఖతో మాట్లాడండి.

ఓపీ చీటీ, టీకా కార్డు, సీరం బిల్లు, మొదటి రోజు తీసిన గాయం ఫోటో, అన్నీ ఒక కవర్లో పెట్టి మిషన్ సొరుగులో దాచాను. ఎక్కడ ఇవ్వాలో చెప్పండి, రేపే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక తల్లి