చందా ఎవరి సొమ్ము? చిన్న సైకిల్ పత్రికల పాఠకుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శిగా నేను రాస్తున్న మూడో నివేదిక ఇది. మొదటి రెండింటిలో ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎవరెవరు వచ్చారు, టీ ఎవరు పెట్టారు అన్నీ రాశాను. చివరిదాకా చదివినవాళ్లు ఇద్దరేనని తర్వాత తెలిసింది, అందులో ఒకరు ప్రూఫులు దిద్దినవారు. ఈసారి లెక్కలన్నీ కోశాధికారి గారి పట్టికకే వదిలేస్తున్నాను. ఏడాది పొడుగునా మనల్ని కుదురుగా ఉండనివ్వని ఒక్క విషయం గురించే ఎక్కువగా రాస్తాను. మనం చందా కట్టే పత్రికల్లో ఇంకొకటి ఆగిపోయింది.

ఆగిపోతుందని ముందుగా ఎవరూ చెప్పలేదు. ఎప్పటిలాగే కవరు వచ్చింది. చిరునామా చీటీ మీద, మన చందా ఏ సంచికతో ముగుస్తుందో చెప్పే చిన్న అంకె ఉంది. దాని ప్రకారం మనకు ఇంకా మూడు సంచికలు రావాలి. లోపల సంచికతో పాటు ఒక కాగితం, దాని మీద నాలుగు ముక్కలు. ఇక అచ్చు వేయలేమని, మిగిలిన చందా వెనక్కి ఇచ్చే స్థితిలో లేమని, క్షమించమని. ఉత్తరం జిరాక్సే కానీ కింద సంతకం మాత్రం పెన్నుతో పెట్టారు. చివరి అక్షరం కాస్త అలుక్కుపోయింది. సిరా ఆరకముందే మడిచినట్టున్నారు. అలా ఎన్ని కాగితాల మీద సంతకాలు పెడుతూ కూర్చున్నారో ఆ సంపాదకులు.

కార్యవర్గంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. డబ్బు తీసుకుని సంచికలు ఇవ్వకపోతే మోసం కాక మరేమిటని ఒకరన్నారు. అంత మాట అనకండని ఇంకొకరు. రెండు సమావేశాలు దీనితోనే సరిపోయాయి. మొదట్లో నేనూ మొదటి మాట వైపే ఉన్నాను. తర్వాత మరో చిన్న పత్రిక నడిపేవారు మన ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు చెప్పాక నా అభిప్రాయం మారింది. ఆ సంగతులు మీ అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

చందా కట్టగానే ఆ డబ్బు పత్రికదైపోతుందని మనం అనుకుంటాం. నిజానికి అది పత్రిక నెత్తిన అప్పు. ఏడాది సంచికలకు డబ్బు ముందే అందుతుంది, సంచికలు మాత్రం ఒక్కొక్కటిగా తర్వాత ఇవ్వాలి. పెద్ద సంస్థ అయితే ఆ డబ్బు పక్కన పెట్టుకోగలదు. చిన్న పత్రికకు అంత తాహతు ఉండదు. ఇవాళ వచ్చిన చందా ఇవాళ అచ్చయ్యే సంచికకే ఖర్చయిపోతుంది. రేపటి సంచికకు రేపు చేరే చందాదారులే దిక్కు. కొత్తవాళ్లు వస్తున్నంతకాలం బండి నడుస్తుంది. ఒక్క మూడు నెలలు ఎవరూ చేరకపోయినా, పాతవాళ్లు పునరుద్ధరణ వాయిదా వేసినా, పాఠకులు ఉండగానే పత్రిక ఆగిపోతుంది. పాఠకులు లేక పోయిందని బయటివాళ్లు అంటారు. అసలు కారణం డబ్బు రావలసిన వేళకు రాకపోవడం.

మధ్యలో జీవిత చందా అనే ముచ్చట ఒకటి ఉంది. ఒక్కసారి పెద్ద మొత్తం కడితే బతికినన్నాళ్లూ పత్రిక పంపుతారు. ఎవరు బతికినన్నాళ్లు అనేది మాత్రం ఎవరూ అడగరు. కట్టుకున్న చందాదారులే పత్రికల కంటే ఎక్కువ కాలం బతుకుతున్నారు. చేతిలో డబ్బు ఆడనప్పుడు సంపాదకులు ఈ పథకం ప్రకటిస్తారని, అది కనిపిస్తే కాస్త కంగారు పడాలని నాకు ఈ ఏడాదే అర్థమైంది.

ఇక అచ్చు సంగతి. ఖర్చులో పెద్ద భాగం మొదటి ప్రతి బయటికి వచ్చేలోపే అయిపోతుంది. వ్యాసాలు, ఫోటోలు, పేజీలు పెట్టడం, ప్లేట్లు, మిషన్ ఎక్కించడం, రంగు కుదిరేదాకా పారేసే కాగితాలు. ఆ తర్వాత వెయ్యి వేసినా మూడు వేలు వేసినా పెరిగేది కాగితం, సిరా, బైండింగ్ ఖర్చే. ఆ మొదటి ఖర్చును పెద్ద పత్రిక యాభై వేల ప్రతుల మీద పంచుకుంటే, చిన్న పత్రిక రెండు వేల ప్రతుల మీద మోయాలి. పోనీ పేజీలు తగ్గిద్దామంటే నాలుగు పేజీలు తీసేసి ఊరుకుంటే కుదరదు. అచ్చు ఫారాల లెక్కన, అంటే ఎనిమిదో పదహారో పేజీలు కలిసి పడే పెద్ద కాగితాల లెక్కన జరుగుతుంది. 64 పేజీల పత్రిక ఒక మెట్టు దిగాలంటే 56కో 48కో రావాలి. అంటే ఒక ప్రయాణ కథో, ఒక మరమ్మతు వ్యాసమో మొత్తంగా పోతుంది.

మనకు వచ్చే ఒక పత్రిక కాగితం పల్చబడిందని, వెనక పేజీలో ఫోటో ముందు పేజీ అక్షరాల్లోంచి కనిపిస్తోందని ముగ్గురు సభ్యులు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు నేను సంపాదకులకు పంపాను. జవాబు వచ్చింది. తపాలా ఖర్చు తూకాన్ని బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. కవరు, చిరునామా చీటీతో కలిపి కొత్త సంచిక నమూనాను వంటింటి కాటాలో పెట్టి చూస్తే పై మెట్టులోకి పోయిందట. దాంతో కాగితం మార్చారు. నాణ్యత మీద శ్రద్ధ తగ్గి కాదు. ఆ ముగ్గురికీ జవాబు చదివి వినిపించాను. ఒకరు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

దుకాణాల్లో పెడితే అమ్ముడవుతుంది కదా అని కొత్త సభ్యులు అడుగుతుంటారు. అక్కడ అమ్ముడైన ప్రతులకే డబ్బు. మిగిలినవి వాపసు, చాలాసార్లు అవి తిరిగి కూడా రావు, నేరుగా తుక్కులోకే పోతాయి. పంపిణీదారు కమీషన్, దుకాణం కమీషన్ పోను మిగిలింది చేతికి రావడానికి నెలలు పడుతుంది. అచ్చు బిల్లు అప్పటిదాకా ఆగదు. ఈలోగా పంపిణీదారే చేతులెత్తేస్తే అంతే సంగతులు.

ప్రకటనల విషయం కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. సైకిల్ పత్రికల బతుకు ప్రకటనదారుల చేతుల్లో ఉండటం కొత్తేమీ కాదు. 1900కు ముందు ఫ్రాన్సులో ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యే 'లె వెలో' (వెలో అంటే సైకిల్) అనే క్రీడాపత్రికదే హవా. దాని సంపాదకుడు పియర్ జిఫార్ డ్రైఫస్ వ్యవహారంలో, అంటే గూఢచారి అన్న తప్పుడు ఆరోపణతో ఒక యూదు సైనికాధికారిని శిక్షించి దేశాన్ని రెండుగా చీల్చిన కేసులో, ఒకవైపు నిలబడ్డాడు. ప్రకటనలిచ్చే కార్ల తయారీదారు కౌంట్ ద డియోన్ రెండోవైపు. గొడవ ముదిరి ద డియోన్, ఇంకొందరు పారిశ్రామికవేత్తలు కలిసి 1900లో పోటీ పత్రిక పెట్టించారు. పేరు 'లోటో-వెలో', సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్, కాగితం పసుపు. పేరు మీద కోర్టుకెళ్లి జిఫార్ గెలిచాడు. 1903 మొదట్లో కొత్త పత్రిక తన పేరులోంచి 'వెలో' తీసేయాల్సి వచ్చింది. అంతకు ముందే, 1902 నవంబరులో, పాఠకులను పెంచుకోవడానికి దెగ్రాంజ్ దగ్గర పనిచేసే జియో లెఫెవ్ర్ ఒక సలహా ఇచ్చాడు. దేశమంతా చుట్టివచ్చే పందెం పెడదామన్నాడు. అదే 1903 జులై 1న మొదలైన టూర్ ద ఫ్రాన్స్. ఏడాది తిరిగేసరికి, 1904లో, లె వెలో మూతపడింది. కోర్టులో గెలిచినవాడు పత్రికను పోగొట్టుకున్నాడు. జిఫార్ ఆ తర్వాత దెగ్రాంజ్ పత్రికకే రాశాడు.

ఇప్పటి చిన్న పత్రికలకు ఆ స్థాయి గొడవలేమీ ఉండవు. ఒక టైరు బాగాలేదని రాస్తే వచ్చే సంచికలో ఆ కంపెనీ ప్రకటన కనిపించదు, అంతే. ఎవరూ ఫోన్ చేసి తిట్టరు. 2020 తర్వాత జరిగింది ఇంకా చిత్రం. కోవిడ్ కాలంలో సైకిళ్లకు విపరీతమైన గిరాకీ వచ్చి సరుకు దొరకలేదు. అమ్మడానికి సరుకే లేనప్పుడు ప్రకటన ఎందుకని కంపెనీలు చెయ్యి వెనక్కి తీసుకున్నాయి. రెండేళ్లకు అదే సరుకు గిడ్డంగుల్లో గుట్టలు పడింది. తగ్గింపు ధరలకు వదిలించుకోవాల్సి వచ్చి, ఈసారి డబ్బు లేదని ప్రకటనలు ఆపాయి. అదే సమయంలో కాగితం ధర పెరిగింది. సైకిల్ రంగానికి మంచి రోజులొచ్చినా చెడ్డ రోజులొచ్చినా దెబ్బ పత్రికలకే తగిలింది.

పెద్ద సంస్థ నీడన ఉంటే నిశ్చింత అని కొందరు సభ్యులకు నమ్మకం. 1999లో మొదలైన 'ప్రోసైక్లింగ్' పెద్ద ప్రచురణ సంస్థ చేతిలో ఉండగానే 2021 చివర మూతపడింది. 'సైక్లింగ్‌టిప్స్' అచ్చు పత్రిక కాదు, వెబ్‌సైట్ అనుకోండి, కానీ దాని కథా ఇంతే. పెద్ద సంస్థ కొన్నది, 2022 చివర్లో సిబ్బందిలో చాలామందిని తీసేసింది. బయటికొచ్చినవాళ్లు 2023లో 'ఎస్కేప్ కలెక్టివ్' పెట్టుకున్నారు. ప్రకటనలను కాకుండా సభ్యుల చందానే నమ్ముకుని. అలాగని స్వతంత్రంగా ఉంటే చాలు అనడానికీ లేదు. అమెరికాలో మారిస్ టియర్నీ 1989లో మొదలుపెట్టిన కొండసైకిళ్ల పత్రిక 'డర్ట్ రాగ్' ముప్పై ఏళ్లు ఎవరికీ తలవంచకుండా నడిచింది, 2020 మొదట్లో ఆగిపోయింది.

నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది పీటర్ ఎలాండ్ 2001లో ఇంగ్లండ్‌లోని యార్క్ నుంచి మొదలుపెట్టిన 'వెలో విజన్'. పందేలు, చాంపియన్లు అందులో ఉండేవి కాదు. మడత సైకిళ్లు, సామాన్లు మోసే సైకిళ్లు, వెనక్కి వాలి తొక్కేవి, మూడు చక్రాలవి. ఇలాంటివి తయారుచేసేవాళ్లు ఎక్కువగా చిన్న చిన్న కార్ఖానాలవాళ్లే. వాళ్లకు ప్రకటనకు డబ్బుండదు, పత్రికకు వాళ్లు తప్ప ప్రకటనదారులుండరు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నడవాలి. ఇంకో దారి యాన్ హైనెది. 2002లో 'వింటేజ్ బైసికిల్ క్వార్టర్లీ'గా మొదలై తర్వాత 'బైసికిల్ క్వార్టర్లీ' అయిన పత్రిక ఆయనది. టైర్లు, విడిభాగాలు అమ్మే వ్యాపారం కూడా ఆయన పక్కన నడుపుతాడు. టైర్లు అమ్మేవాడు టైర్ల గురించి రాస్తే ఎంత నమ్మాలని మన పఠన బృందంలో ఒక ఆదివారమంతా చర్చ జరిగింది. నా మట్టుకు నాకు, ఏం అమ్ముతున్నాడో తెలిసినవాడే నయం.

ఇప్పుడు మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సభ్యులందరి చందాలు పోగుచేసి పత్రికలకు ఒకేసారి పంపడం మన సంఘం ముఖ్యమైన పని. ఈ ఏడాది ఒక పత్రిక డబ్బు రెండు నెలలకు పైగా మన ఖాతాలోనే పడి ఉంది. చెక్కు మీద రెండు సంతకాలు కావాలి. ఒక సంతకం చేయాల్సినవారు ప్రయాణంలో ఉన్నారు, రెండో సంతకం నాది, నేను రేపు రేపు అంటూ గడిపాను. ఆ పత్రిక తర్వాతి సంచిక ఆలస్యంగా వచ్చింది. మన వల్లేనని వాళ్లు అనలేదు. ఎందుకు ఆలస్యమైందని వాళ్లకు ఘాటుగా ఉత్తరం రాసింది మాత్రం మన సంఘమే, దాని కింద సంతకం కూడా నాదే. ఆ ఉత్తరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇకపై ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా మార్చాం.

పాత సంచికల భద్రత పని సగమే జరిగింది. ఒక సభ్యురాలు తన తండ్రిగారి పెట్టె మనకు ఇచ్చారు. అందులో 'స్పోర్టింగ్ సైక్లిస్ట్' సంచికలున్నాయి. జాక్ వాడ్లీ 1955లో వేరే పేరుతో మొదలుపెట్టిన బ్రిటిష్ పత్రిక అది. 1968లో పాత పోటీదారు 'సైక్లింగ్'లో కలిసిపోయింది, వాడ్లీ ఆ ఏడాదే 'ఇంటర్నేషనల్ సైకిల్ స్పోర్ట్' అనే కొత్త పత్రికతో మళ్లీ మొదలుపెట్టాడు. పిన్నులు తుప్పుపట్టి మధ్య పేజీల మీద రెండు గోధుమరంగు చుక్కలు దిగాయి. పిన్నులు ఒక్కొక్కటే తీసి, నూలు దారంతో కుట్టాం. ఒక సంచిక అంచున ఆ పెద్దాయన పెన్సిల్‌తో గేరు పళ్ల లెక్కలు వేసుకున్నారు. అవి చెరపలేదు. పెట్టె అడుగున ఉన్న నున్నటి కాగితం పత్రికలు మాత్రం ఎప్పుడో తడిసి, పేజీకి పేజీ అతుక్కుని అట్టముక్కల్లా అయిపోయాయి. వాటిని విడదీయడం మన వల్ల కాలేదు.

అన్నీ స్కాన్ చేసి అందరికీ ఇద్దామన్న ప్రతిపాదన ఆగింది. పత్రిక మూతపడినా వ్యాసాల మీద, ఫోటోల మీద హక్కులు రాసినవాళ్లకు, తీసినవాళ్లకు ఉండొచ్చు. చిన్న పత్రికల్లో చాలావరకు నోటిమాట మీదే పని జరిగింది, ఒప్పంద పత్రాలే లేవు. కాబట్టి ప్రస్తుతానికి ఏ సంచికలో ఏముందో విషయసూచిక మాత్రం తయారుచేస్తున్నాం. 'బ్రేకులు' దాకా వచ్చింది.

సభ్యత్వం, ఎన్నికలు, ఆడిట్ విషయంలో చెప్పుకోదగ్గ మార్పులేవీ లేవు. కార్యవర్గం అదే, ఎవరూ పోటీకి రాలేదు.

సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం మీ ముందుకు వస్తుంది. చందా ముగియడానికి ఒక సంచిక ముందే సంఘం తరఫున పునరుద్ధరణ డబ్బు పంపాలని నా ప్రతిపాదన. పత్రిక మునిగితే ఆ డబ్బూ మునుగుతుందని కోశాధికారి గారి అభ్యంతరం. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, రాతపూర్వకంగా నమోదు చేయమన్నారు, చేశాను. రెండు వైపులా విని ఓటు వేయండి. వచ్చేటప్పుడు మీ కవరు చీటీ మీది అంకె ఒకసారి చూసుకుని రండి.

చివరగా ఒక మనవి. చదవడానికి తీసుకెళ్లిన పాత సంచికలు పదకొండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గర ఉన్నాయో రిజిస్టరులో ఉంది. సమావేశం రోజు గుమ్మం దగ్గర బల్ల వేస్తాం, ఎవరూ చూడనట్టు పెట్టి వెళ్లొచ్చు.

ఇట్లు,
కార్యదర్శి