ఈసారి బయటే తినాలిగా మావా

మావా,

ఎలా ఉన్నావురా. నీ మెసేజ్ చూసి రెండు రోజులైంది, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదులే అని ఆగి ఇవాళ ఆదివారం కదా తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. రిజిస్ట్రేషన్ పని మీద నాలుగు రోజులొస్తున్నా, అమ్మా నాన్నా నా దగ్గరే ఉన్నారు, ఇల్లు అద్దెకిచ్చేశాం, ఎక్కడ తినాలిరా బెజవాడలో అని అడిగావు చూడు, అది చదివితే మనసు అదోలా అయిపోయింది. సత్యనారాయణపురంలో మీ వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మ పెనం మీంచి తీసినవి తీసినట్టే ఎన్ని పెసరట్లు తిన్నామో. ఆ ఊళ్ళోనే నువ్వు హోటల్ వెతుక్కోవాల్సి రావడం ఏంటో.

సరే, ఈ విషయంలో నన్నడగడమే మంచిదైంది. మీ చెల్లెలు పురిటికి తెనాలి వెళ్ళి నాలుగో నెల నడుస్తోంది, ఇన్నాళ్ళూ నేను మూడు పూటలా బయటే. పొద్దున టిఫిన్ బెజవాడలో, మధ్యాహ్నం భోజనం గుంటూర్లో, రాత్రి మళ్ళీ బెజవాడ. మంచీ చెడ్డా రెండూ చూశా, డబ్బులు కూడా బాగానే పోగొట్టుకున్నా.

ముందు మంచివి చెప్తా. పొద్దున్నే దిగితే గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కి పో, వేరే ఆలోచన పెట్టుకోకు. ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు, ఆ వేడికి వెన్న కరిగి ఇడ్లీలోకి దిగుతుంటే పక్కన కారప్పొడి, దాని మీద నెయ్యి. నాకక్కడ నచ్చేది ఏంటంటే ఇడ్లీని ఇడ్లీలాగే ఉంచారు. ఇప్పుడు ఎక్కడ చూసినా తట్టె ఇడ్లీ, తందూరీ ఇడ్లీ, చీజ్ ఇడ్లీ అని ఏవేవో చేస్తున్నారు కదా, అసలు ఇడ్లీ మెత్తగా ఉందా, పిండి సరిగ్గా పులిసిందా అని చూసేవాడే లేడు. ఒక్కటే ఇబ్బంది, జనం ఉంటారు, తినేవాడి వెనకాలే నిలబడి కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూడాలి. కాస్త పెందలాడే వెళ్ళు.

ఇక పెద్ద ఏసీ రెస్టారెంట్ల సంగతి. మావా, నిజం చెప్తున్నా, చాలా వాటి మీద నాకు నమ్మకం పోయింది. మెనూ పుస్తకం తీస్తే పన్నెండు పేజీలుంటుంది, చైనీస్, తందూరీ, మొఘలాయి, మన ఆంధ్రా, అన్నీ ఉంటాయి. ఒక్క కిచెన్లో ఇన్ని ఎలా వండుతారు చెప్పు? పొద్దున్నే ఉల్లిపాయ, టమాటా, జీడిపప్పు వేసి పెద్ద గిన్నెడు గ్రేవీ చేసి పెట్టుకుంటారు, నువ్వు పనీర్ చెప్పినా పుట్టగొడుగులు చెప్పినా దాన్లోదే ఒక గరిటె తీసి పైన కాస్త మీగడ పోసి తెస్తారు. మొన్నొక చోట మూడు కూరలు చెప్పాం, ముగ్గురం, కళ్ళు మూసుకుని తింటే ఏది ఏదో చెప్పలేం, అంతా ఒక్కటే రుచి.

అన్నిటికంటే ఒళ్ళు మండేది ఆ 'గుంటూరు చికెన్' అని రాసేది. నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్లో పదకొండేళ్ళుగా లెక్కలు రాస్తున్నా కదా, కాయ చూస్తే చాలు ఏ రకమో చెప్తా. ఎరుపు వేరు, కారం వేరు మావా. కర్ణాటక నుంచొచ్చే బ్యాడిగి కాయ ముడతలు ముడతలుగా ఉంటుంది, రంగు బ్రహ్మాండంగా దిగుతుంది, కారం తక్కువ. మన తేజ సన్నగా ఉంటుంది, కొరికితే చెవుల్లోంచి పొగలొస్తాయి. 334 రకం ఉందే, మన గుంటూరు సన్నం, దాన్లో కారం, రంగు, వాసన మూడూ పద్ధతిగా ఉంటాయి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది దానికి. ఇంటికారం అంటే అదే. ఈ రెస్టారెంట్ వాళ్ళు మాత్రం రంగు పొడి కలిపి, పైన నాలుగు ఎండుమిరపకాయలు వేయించి పడేసి గుంటూరు పేరు పెట్టేస్తున్నారు.  ఆ రంగు టిష్యూతో తుడిచినా వేలికి అంటుకుని సాయంత్రం దాకా పోదు. యార్డులో రైతు ఆరుగాలం కష్టపడి తెచ్చిన కాయ చూసి, అక్కడికొచ్చి ఈ రంగునీళ్ళు చూస్తే బాధేస్తుంది నాకు.

ఉలవచారు బిర్యానీ కూడా అంతే. ఉలవచారు అంటే ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు వంచి, చింతపండు పోసి చిక్కబడేదాకా కాచేది. మా నాయనమ్మ కుంపటి మీద పెట్టి మధ్యాహ్నమంతా కాచేది, వంటిల్లంతా ఆ వాసనే. ఇప్పుడు తియ్యగా, వెన్నా మీగడా కలిపి బిర్యానీ మీద పోస్తున్నారు. తినాలనుంటే తిను, నేను వద్దనను, కానీ అది ఉలవచారు అని మీ అబ్బాయికి మాత్రం చెప్పకు, వాడు అదే ఉలవచారు అనుకుంటాడు.

బిల్లు కూడా చూసుకో. ఈమధ్య మా ఆఫీసు వాళ్ళం ఎనిమిది మందిమి ఒక పెద్ద చోటుకి వెళ్తే బిల్లులో కింద సర్వీస్ ఛార్జ్ పది శాతం వేసి దాని మీద మళ్ళీ జీఎస్టీ వేశారు. తీసేయండి అంటే మేనేజర్ 'అందరూ ఇస్తారండీ' అన్నాడు. నేను గొంతు పెంచలేదు, మెల్లగా చెప్పా, 2022 జులై 4న వినియోగదారుల రక్షణ అథారిటీ వాళ్ళు సర్వీస్ ఛార్జ్ బిల్లులో దానంతటది వేయకూడదని చెప్పారు, హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే సరైందని తేల్చింది, లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా అని. లోపలికెళ్ళి కొత్త బిల్లు తెచ్చాడు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతమే. చిన్న హోటల్ కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టుకునే పద్ధతి) ఉంటే అసలు మన దగ్గర జీఎస్టీ తీసుకోకూడదు, అది కూడా చూడు. ఆ పది శాతం వడ్డించిన కుర్రాడి చేతికి వెళ్తుందో లేదో మనకి తెలీదు కదా, ఆ డబ్బులేవో వాడి చేతిలోనే పెట్టి వచ్చాం.

రాత్రి పూటకి ఒక సలహా. నువ్వు దిగే చోట రైస్ కుక్కర్ ఉంటే అన్నం వండుకుని కర్రీ పాయింట్ నుంచి పప్పు, ఒక వేపుడు, చారు తెచ్చుకో. రాత్రి ఏడుకల్లా వెళ్ళాలి, తొమ్మిదైతే అడుగున మిగిలినవే. నేను చాలా రోజులు అలాగే గడిపా, కడుపు తేలిగ్గా ఉండేది. దొండకాయ వేపుడు మాత్రం ఎక్కడా నమ్మకు, పొద్దుటిదే సాయంత్రం మళ్ళీ నూనెలో వేస్తారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, దీని కోసమే ఇంత రాశా. గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డులో, పాత ఇంటి ముందు గదుల్లో నడిచే మెస్ ఉంది. బోర్డు కూడా సరిగ్గా కనపడదు. పన్నెండున్నరకి మొదలు, రెండున్నరకి అయిపోతుంది, అయిపోతే అయిపోయినట్టే. పప్పు ఒకటి, కూర ఒకటి, వేపుడు, రోటి పచ్చడి, సాంబారు, గడ్డ పెరుగు, ఇంతే. మెనూ ఉండదు, ఆ రోజు ఏం వండితే అదే. అక్కడ వడ్డించే పెద్దాయనొకరున్నారు, అరవై దాటి ఉంటాయి, భుజం మీద తుండు, చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. మొదట కందిపొడి వేసి నెయ్యి పోస్తారు, కలుపుకునేదాకా పక్క ఆకు దగ్గరికి వెళ్ళి సరిగ్గా ముద్ద అయిపోయే టైముకి పప్పుతో వస్తారు. ఒక్కసారి కూడా నేను పిలవాల్సి రాలేదు.

ఒకసారి వరసగా మూడు రోజులు నేను మారు అన్నం పెట్టించుకోలేదు. మూడో రోజు ఆయన నా ఆకు దగ్గర వంగి, మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా, 'అన్నం ముద్దవుతోందా బాబూ, కొత్త బియ్యం, రెండు రోజులు ఓపిక పట్టండి, పాతవి దించుతున్నారు' అన్నారు. నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు మావా. నాకే సరిగ్గా తెలీదు ఎందుకు తినలేకపోతున్నానో. రెండు రోజుల తర్వాత పొడిపొడిగా పాత బియ్యం అన్నం వచ్చింది, అదీ మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన 5204 రకం సాంబమసూరే, పాతబడితే ఎంత తేడానో. ఆ రోజు మూడు సార్లు పెట్టించుకున్నా. ఆయన ఏమీ అనలేదు, నవ్వి కొంచెం నెయ్యి ఎక్కువ పోశారు.

ఏసీలో యూనిఫాం వేసుకున్న కుర్రాళ్ళు ట్యాబ్‌లో ఆర్డర్ తీసుకుని 'ఎనీథింగ్ ఎల్స్ సార్' అంటారే, వాళ్ళ తప్పు కాదది, పాపం వాళ్ళకి ఎనిమిది టేబుళ్ళుంటాయి, ఎవడు ఎంత తిన్నాడో చూసే వీలు లేదు. కానీ నాకు ఇప్పుడు హోటల్ అంటే ఆకు వంక చూసే మనిషి ఉన్నాడా లేడా అన్నదే. వంట కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు.

నిన్ను అక్కడికి తీసుకెళ్తా. శంకర్ విలాస్ దగ్గర కొత్త వంతెన పనులతో ట్రాఫిక్ ఘోరంగా ఉంది, బస్సులో వద్దు, పొద్దున రైల్లో నాతో రా, స్టేషన్లో నా బండి ఉంటుంది. ఆదివారం మెస్ ఉండదు, కాబట్టి గుంటూరు రావడం గురువారమో శుక్రవారమో పెట్టుకో. శనివారం తెనాలిలో పాప బారసాల, మా చెల్లెమ్మని, మీ అబ్బాయిని కూడా తీసుకురా. క్యాటరింగ్ వాళ్ళకి ఇచ్చాం గానీ వడ్డన దగ్గర నిలబడమని ఆ పెద్దాయన్ని అడిగా, మెస్‌లో ఆ ఒక్క పూట సెలవు చెప్పి వస్తానన్నారు. టికెట్ కన్ఫర్మ్ అవగానే ఫోన్ చెయ్యి, నేను ప్లాట్‌ఫాం మీదే ఉంటా.

నీ
మావ