వార్షిక నివేదిక: గబ్బిలాల సాయంత్రం, మిగతా పనులు

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలన్నది నియమం కాబట్టి రాస్తున్నాను. చెరువు గట్టు రెండుసార్లు శుభ్రం చేశాం, పక్షుల నడక ఒకటి వానకు రద్దయింది. మీకు తెలిసినవే కాబట్టి నేరుగా గబ్బిలాల సాయంత్రానికి వస్తాను. ఈ ఏడాది గర్వంగా చెప్పుకునే పని ఏదన్నా ఉందంటే అదే.

పిల్లాపాపలతో కలిపి నలభై మందికి పైగా వచ్చారు. టార్చ్‌లకు ఎర్ర కాగితం చుట్టి, మాటలు తగ్గించి గట్టు మీద నిలబడ్డాం. మన చెవి 20 కిలోహెర్ట్జ్ (సెకనుకు 20 వేల కంపనాలు) దగ్గర ఆగిపోతుంది, పురుగులు తినే గబ్బిలాలు చాలావరకు అంతకు పైనే అరుస్తాయి, ఆ అరుపును మనకు వినపడేలా కిందికి దించే పెట్టె పేరే డిటెక్టర్. దాని డయల్ 45 కిలోహెర్ట్జ్ దగ్గరికి తిప్పగానే టక్, టక్ అని మొదలైంది. గబ్బిలం పురుగుకు దగ్గరవుతున్న కొద్దీ ఆ టక్కులు ఒకదాని మీద ఒకటి పడి చివరికి జుర్ర్ మని సాగాయి. "తినేసిందా?" అంది ఒక పాప. పట్టు తప్పినా చప్పుడు అదే, కాబట్టి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

జుట్టులో దూరుతుందని తల మీద చేతులు పెట్టుకున్న పెద్దవాళ్ళే తర్వాత డిటెక్టర్ కోసం పిల్లలతో పోటీ పడ్డారు. కళ్ళు మూసినా ఎగిరే గబ్బిలం చెవులు మూస్తే దారి తప్పుతుందని 1790లలోనే తేలినా, అది తన అరుపుల ప్రతిధ్వని విని దారి చూసుకుంటుందన్న కారణం తెలియడానికి 1938లో గ్రిఫిన్, పియర్స్ అనే శాస్త్రవేత్తలు ఆ అరుపులను యంత్రంతో పట్టుకునేదాకా ఆగాల్సి వచ్చిందని మన సభ్యుడొకరు చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని విన్నారు. కింద పడిన గబ్బిలాన్ని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దని, రేబిస్ భయం ఉందని కూడా ఆయన గట్టిగా చెప్పారు. ఆఖర్న తెల్ల దుప్పటి కట్టి దీపం పెడితే రెక్కల పురుగులు వాలాయి, వాటి కోసం ఒక కప్ప కూడా వచ్చి కూర్చుంది.

ఇక అసలు బాధ. పేర్లిచ్చిన వాలంటీర్లు పదకొండు మంది, వచ్చింది ముగ్గురు. ఒకరైతే మర్నాడు ఫోటోలు అడిగారు! గట్టు మీది దీపాలు ఒక్క గంట ఆర్పమని ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాస్తే, కార్యక్రమం అయిన వారానికి "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. ఆ దీపాల దగ్గర పురుగుల కోసం కొన్ని గబ్బిలాలు తిరిగిన మాట నిజమే, కానీ వెలుగంటే పడని జాతులు ఆ వైపే రావు. ఆఫీసువాళ్ళు దీపాల దగ్గర గబ్బిలాలు తిరగడాన్ని తమ ఘనతగా చెప్పుకోకపోతే చాలు.

జమాఖర్చుల పట్టిక జత చేశాం, ఆడిట్ అయింది, కొంచెం మిగిలింది. డిటెక్టర్ అరువిచ్చిన సభ్యురాలికి, దుప్పటి ఇచ్చినవారికి, చివరిదాకా నిలబడ్డ ఆ ముగ్గురికి, పిల్లల్ని చీకట్లో మా వెంట పంపిన తల్లిదండ్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

రెండు టార్చ్‌లు ఇంకా తిరిగి రాలేదు. తీసుకెళ్ళినవారు సమావేశానికి తెచ్చివ్వండి, ఎర్ర కాగితం చిరిగిపోయినా ఫర్వాలేదు.

మీ కార్యదర్శి