రేడియో కొనేముందు ఒక్క మాట

వాకీటాకీ డబ్బా మీద 50 కిలోమీటర్ల రేంజ్ అని ఉంటే మురిసిపోకండి. అది కొండ మీంచి కొండకు, మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి మాట. లోయలోకి దిగితే రెండు మూడు అందినా గొప్పే!

వాట్లకన్నా యాంటెన్నా ముఖ్యం. 5 వాట్ల సెట్టు పట్టుకుని బండిలో కూర్చుంటే ఇనప బాడీయే సిగ్నల్‌ని మింగేస్తుంది. టాప్ మీద మాగ్నెట్ యాంటెన్నా పెట్టి, వైరు తలుపు సందులోంచి లోపలికి లాగండి, తేడా మీకే తెలుస్తుంది. (అల్యూమినియం టాప్‌కి అది అంటుకోదు, చూసుకోండి.) చెట్లు దట్టంగా ఉన్నచోట యూహెచ్ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్ల కన్నా వీహెచ్ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్లు నయం. లైసెన్సు సంగతి ముందే కనుక్కోండి.

అవతల వినేవాళ్లు లేకపోతే ఎంత మంచి రేడియో అయినా దండగే. కొండల్లోకి, అడవుల్లోకి ఒంటరిగా వెళ్లేవాళ్లు 406 మెగాహెర్ట్జ్ శాటిలైట్ బీకన్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం కోరే పరికరం) కూడా దగ్గర పెట్టుకోండి, బయల్దేరేముందే దాన్ని రిజిస్టర్ చేయించండి.