సాక్ష్యం చెరిగిపోయాక సర్టిఫికెట్ దేనికి?

సంపాదకులకు,

ఇప్పుడు సివిల్ కోర్టులకు వస్తున్న బాకీ దావాల్లో, కాంట్రాక్టు తగాదాల్లో, భాగస్వాముల గొడవల్లో అసలు సంగతి చాలావరకు వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో, ట్యాలీ ఫైల్లోనో ఉంటోంది. అది ఎవరి దగ్గర ఉంది, ఎదుటి పక్షానికి ఏ రూపంలో చూపాలి అనే ప్రశ్న మాత్రం దావా వేసిన రోజున ఎవరూ వేయరు. ఏళ్లు గడిచి సాక్షి బోనెక్కాక, స్క్రీన్‌షాట్ ప్రింటును ఎగ్జిబిట్‌గా మార్క్ చేయబోతుంటే ‘ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ ఏదీ?’ అని అవతలి లాయరు లేస్తారు. అప్పటికి ఆ ఫోను ఎక్సేంజ్‌లో పోయి ఉంటుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం పాత ఎవిడెన్స్ చట్టంలోని 65బి స్థానంలో 63వ సెక్షన్ తెచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ ఇప్పుడు రెండు భాగాలు. పార్ట్-ఎ రికార్డు దాఖలు చేసే పక్షం ఇవ్వాలి, పార్ట్-బి నిపుణుడు ఇవ్వాలి. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైల్లోని డేటా నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి గుర్తు), దాన్ని ఏ అల్గారిథంతో తీశారో రాయాలి. మంచి మార్పే. కాకపోతే హ్యాష్ మీద లేనిపోని నమ్మకం పెరుగుతోంది. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మొత్తం మారిపోతుంది, నిజమే. కానీ అది ఇచ్చే హామీ హ్యాష్ తీసిన క్షణం నుంచే. నిరుడు దిద్దిన పీడీఎఫ్‌కు ఈ రోజు హ్యాష్ తీస్తే అదీ చక్కగానే వస్తుంది. అంతకు ముందు ఏం జరిగిందో చెప్పేవి మెటాడేటా (ఫైలును ఎప్పుడు, ఎవరు తయారుచేశారు, మార్చారు వంటి వివరాలు), లాగ్‌లు (యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టాలు). మన దగ్గర ముందుగా పోయేవీ అవే.

ఎలా పోతాయంటే, కక్షిదారు ఫొటోను వాట్సాప్‌లో లాయరుకు పంపుతారు. మామూలుగా పంపితే యాప్ దాన్ని కుదించేస్తుంది. ఎప్పుడు, ఎక్కడ తీశారన్న ఎగ్జిఫ్ వివరాలు రాలిపోతాయి, హ్యాష్ మారిపోతుంది. గుమాస్తా ప్రింటు తీసేది ఆ నకలుకు నకలునే. మెయిల్ సంగతీ అంతే. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ (మెయిల్ ఎక్కడి నుంచి, ఏ దారిలో, ఎప్పుడు వచ్చిందో చెప్పే భాగం) రాదు, ప్రింటులో అసలే కనపడదు. దాన్ని ఈఎంఎల్ ఫైలుగా, అంటే హెడర్‌తో సహా మెయిల్ మొత్తం ఉండే రూపంలో, దించుకుని ఉంచాలి. ఎక్సెల్ షీటును కాగితం మీదకు తెస్తే అంకెలు మిగులుతాయి, ఫార్ములాలు పోతాయి. లెక్కల తగాదాలో తేలాల్సింది ఆ ఫార్ములాలే. సీసీటీవీ డీవీఆర్ డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. దాని గడియారం తప్పు చూపిస్తుంటే, కాపీ తీసే నిమిషంలోనే అసలు సమయానికీ దానికీ ఎంత తేడా ఉందో రాసిపెట్టుకోవాలి. తర్వాత తేల్చడం కష్టం.

సమయం విషయంలో మరో చిక్కు ఉంది. సర్వరు లాగ్‌లు సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మనం ఐదున్నర గంటలు ముందుంటాం. ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు వచ్చిన మెయిల్ ఆ లాగ్‌లో మార్చి 31 రాత్రి 7.30 అని కనిపిస్తుంది. బాకీకి కాలపరిమితి మార్చి 31తో ముగిసి, ఆ మెయిల్లో బాకీ ఒప్పుకొని ఉంటే, ఆ ఒప్పుకోలు గడువులోపు వచ్చిందా, దాటాక వచ్చిందా అన్నదీ, కేసు నిలిచేదీ పోయేదీ ఆ ఐదున్నర గంటల మీదే.

చట్టంలో దారి లేదని కాదు. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 11ను, అంటే ఇరుపక్షాలూ పత్రాలు బయటపెట్టే నియమాలను, వాణిజ్య వివాదాల వరకు మార్చేసింది. 2018 సవరణతో ఆ వివాదాల విలువ పరిమితి కోటి నుంచి 3 లక్షలకు దిగింది. అక్కడ వాది తన దగ్గరున్న సంబంధిత పత్రాలన్నీ, తనకు నష్టం చేసేవి సహా, దావాతోనే బయటపెట్టాలి. ప్రతివాది జవాబుదావాతో పెట్టాలి. రూల్ 6 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ప్రమాణపూర్వక ప్రకటన ఉండాలి. రికార్డును ఎవరు, ఎలా తీశారు, ఎప్పుడు ప్రింటు చేశారు, ఆ మెయిల్ ఐడీ ఎవరిది, ఎవరెవరు తెరవగలరు అన్నవన్నీ అందులో చెప్పాలి. ప్రకటన ఇచ్చాక ఎలక్ట్రానిక్ మూలాన్ని తనిఖీకి ఇవ్వక్కర్లేదన్న వెసులుబాటు అదే రూల్లో ఉంది. నా దృష్టిలో అదొక కన్నం. దాన్ని పూడ్చడానికే మెటాడేటా, లాగ్‌లు తెమ్మని ఆదేశించే అధికారం కోర్టుకిచ్చారు. అడిగే లాయర్లే తక్కువ.

మామూలు సివిల్ దావాకు ఇదేదీ వర్తించదు. అన్నదమ్ముల వాటాల దావాలోనో, ఇల్లు కొన్న ఒప్పందం దావాలోనో పాత ఆర్డర్ 11 కిందే అప్లికేషన్ వేసుకోవాలి. అది తేలేలోపు ‘డిసప్పియరింగ్’ పెట్టిన సందేశాలు 24 గంటల్లోనో, 7 రోజుల్లోనో, 90 రోజుల్లోనో మాయమవుతాయి. టెలికాం సంస్థలు కాల్ రికార్డులు (ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న వివరాలు) ఉంచాల్సిన కనీస గడువు రెండేళ్లు. రికార్డు తన దగ్గరున్న మూడో వ్యక్తి, అంటే అలాంటి కంపెనీ, సర్టిఫికెట్ ఇవ్వకపోతే కోర్టును ఆశ్రయించవచ్చని 2020లో అర్జున్ పండిట్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు దాటాక ఆశ్రయించినా కంపెనీ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు.

ఈ లోటు తీర్చడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 122వ సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదంతో, ఆర్డర్ 11ను మార్చుకునే అధికారం హైకోర్టులకే ఉంది. ప్రతివాది హాజరైన మొదటి వాయిదాకే ఇరుపక్షాలూ ఒక్క పేజీ మెమో వేయాలి. ఏ నంబర్లు, ఏ ఫోన్లు, ఏ మెయిల్ ఖాతాలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఎవరు వాడారో, ఆటోమేటిక్‌గా చెరిపే సెట్టింగ్ ఏదైనా ఉందో అందులో రాయాలి. ఆ రోజే కోర్టు ‘ఉన్నది ఉన్నట్టు ఉంచండి’ అని ఉత్తర్వు ఇవ్వాలి. చెరిపితే సాక్ష్య అధినియం 119వ సెక్షన్ కింద చెరిపినవారికి ప్రతికూలంగా భావించవచ్చన్న మాట ఆ ఉత్తర్వులోనే ఉండాలి.

ఫోన్లలో, మెయిళ్లలో కేసుకు సంబంధించినవి వెతకడం దగ్గర పదాల జాబితాను నమ్ముకుంటే దెబ్బతింటారు. మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ‘ఇస్తాను’ అన్న ఒక్క మాటకే నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి. పాత దస్తావేజుల ఫైళ్లు ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లో వెతికిన తెలుగు మాట వాటిలో దొరకదు. వాయిస్ మెసేజ్ ఏ పదానికీ చిక్కదు. కాబట్టి పదాల కన్నా మనుషులు, తేదీల మీద ఒప్పందానికి రావడం మేలు. ఫలానా ఇద్దరి మధ్య, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా నడిచిన సంభాషణ మొత్తం అన్నమాట.

ఫోను మొత్తం అప్పగించమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 10ఎ కింద కోర్టు తరఫున కమిషనర్‌ను వేసి, ఇరుపక్షాల ఎదుట ఆ తేదీల వరకే కాపీ తీయించవచ్చు. లాయరుతో మాట్లాడుకున్నవి ముందే పక్కన పెట్టించాలి.

ఖర్చు మాటేమిటని అడుగుతారు. ఒప్పుకున్న సంగతికి రుజువు అక్కర్లేదని సాక్ష్య అధినియం 53వ సెక్షన్ చెబుతోంది. ఏ సందేశాన్ని ఒప్పుకుంటున్నారు, దేన్ని కాదంటున్నారు, ఎందుకు కాదంటున్నారు అన్నది కమర్షియల్ కోర్టుల్లో లాగే ముందే రాతపూర్వకంగా తీసుకుంటే, నిపుణుడి అవసరం కాదన్న నాలుగైదింటికే పడుతుంది. కారణం చెప్పకుండా అన్నిటినీ కాదన్నవారి మీద ఖర్చులు వేయాలి.

ఇక పార్ట్-బి. 63వ సెక్షన్ ‘నిపుణుడు’ అంటుంది గానీ అర్హత ఏమిటో చెప్పదు. జిల్లాల వారీగా ఒక ప్యానెల్, ఫీజుకు ఒక పరిమితి హైకోర్టులే ప్రకటించాలి. అది వచ్చేదాకా ఎవరు సంతకం పెట్టినా ‘మీ అర్హత ఏమిటి?’ అన్న క్రాస్ ఎగ్జామినేషన్‌కే ఒక వాయిదా పోతుంది.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది